అక్కకు బుద్ధి చెప్పడానికి కామాటిపురా దాకా

ముంబై వెళ్లొచ్చి పదిహేను రోజులైంది. కాలనీలో కనబడినవాళ్లంతా సముద్రం ఎలా ఉందని అడుగుతున్నారు. నేను సముద్రం చూడలేదు. వారం రోజులు కామాటిపురాలో ఉన్నాను. అందులో నాలుగు మధ్యాహ్నాలు అష్టాచెమ్మ ఆడి నాలుగింటా ఓడిపోయాను. దీన్ని యాత్ర అంటారో లేదో తెలియదు గానీ టికెట్ కొనుక్కుని వెళ్లాను, మోకాళ్లు పట్టేసి తిరిగొచ్చాను. కాబట్టి రాస్తున్నాను.

నాకు అరవై ఏడేళ్లు. మహబూబ్‌నగర్ జిల్లాలో ముప్పై ఏళ్లు హిందీ పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. పెద్దవయసు మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు అనుభవం, శాంతి, మనవళ్లు అంటుంటారు. నాకు శాంతి ఇంతవరకు రాలేదు. వచ్చినవి వేరే ఉన్నాయి. అవి వస్తాయని ముందుగా ఒక్కరూ చెప్పలేదు.

ప్రయాణానికి కారణం మా పెద్దమ్మ కూతురు బాలమ్మక్క. డెబ్బై రెండేళ్ల మనిషి. పెళ్లయి పోయినప్పటి నుంచి కామాటిపురాలోనే ఉంది. ఆమె కొడుకు శంకర్ ఒక ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. అతను ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "అమ్మ రోజూ పగటీలి ఆ గల్లీకి పోతున్నది చిన్నమ్మా" అన్నాడు.

ఆ గల్లీ అంటే ఏదో నాకు తెలుసు. ముంబై కట్టడానికి మన దిక్కు నుంచి పోయిన కూలీలను కామాటీలన్నారు. వాళ్లుండే చోటు కామాటిపురా అయింది. తర్వాత కొన్ని గల్లీల్లోకి సానికొంపలు వచ్చాయి. దేశమంతా ఆ పేట పేరును వాటికే ఇచ్చేసింది. తెలుగు కుటుంబాలు ఇప్పటికీ అక్కడి చాల్‌లలోనే, వరసగా ఒంటిగది ఇళ్లుండే పాత మేడల్లో, కాపురం చేస్తున్నాయి. ఆ గల్లీల వైపు తల తిప్పకుండా నడవడం పిల్లలకు నడకతో పాటే నేర్పుతారు.

ఆ ఆదివారం శంకర్ కూతురిని చూడ్డానికి ధారావి నుంచి పెళ్లివారు వస్తున్నారు. అంతలోపు నేను వచ్చి అక్కకు బుద్ధి చెప్పాలట. ఈ సంబంధం చెడిపోతే అమ్మను మీ దగ్గరికే పంపిస్తానని కూడా అన్నాడు. నాది రెండు గదుల ఇల్లు. వెంటనే బయలుదేరాను.

రైలు

నాకు పై బెర్తు వచ్చింది. నిచ్చెన మీద ఒక కాలు పెట్టి, మోకాలు పట్టుకుని, కొంచెం సేపు ఆగాను. కింద బెర్తు అబ్బాయి లేచి తన చోటు ఇచ్చేశాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు మోకాలు బాగానే ఉంది.

ఎదురు సీట్లో కోస్గి దగ్గరి దంపతులు. బిల్డింగు పనికి పోతున్నారు. ఆమె మూటలోంచి జొన్నరొట్టె, పచ్చికారం తీసి నాకు కూడా పెట్టింది. ఎక్కడికి అని అడిగితే కామాటిపురాకని చెప్పాను. భర్త చప్పున కిటికీలోంచి బయటికి చూశాడు. భార్య మాత్రం నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "ఇప్పుడు పోతే ఏం భయం లేదు లే అమ్మా" అంది. ఆ మాటకు నాకు కోపం రావాలో సంతోషం కలగాలో తెలియలేదు. రెండో రొట్టె తీసుకున్నాను.

నాగ్‌పాడా మలుపు

స్టేషన్ బయట టాక్సీ డ్రైవరుతో ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పిన శుద్ధమైన హిందీలో మాట్లాడాను. నేను ఎక్కడికి వెళ్లదలచుకున్నానో విన్నవించి, ఎంత తీసుకుంటారో సవినయంగా అడిగాను. అతను అంతా ఓపిగ్గా విని, తనకు తమిళం రాదన్నాడు. చివరికి కామాటిపురా అన్న పేరొక్కటే చెప్పాను. ఎగాదిగా చూడలేదు, నవ్వలేదు. ఎన్నో గల్లీ అని మాత్రం అడిగాడు.

నా ఇరవై నాలుగో ఏట ఒకసారి అక్క ఇంటికి వచ్చాను. అప్పుడు బావ నన్ను స్టేషన్ నుంచి ముసుగేసి తీసుకొచ్చినంత పని చేశాడు. ఎనిమిది రోజులూ గదిలోనే కూర్చోబెట్టారు. కిటికీకి దుప్పటి కట్టారు. ముంబైలో నేను చూసిందల్లా ఆ దుప్పటి మీది నెమళ్లు. ఈసారి నాగ్‌పాడా మలుపులో టాక్సీ ఆపించి, ఇరానీ హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని బన్ మస్కా, చాయ్ తీసుకున్నాను. చుట్టూ అందరూ మగవాళ్లే. ఒక్కడూ తలెత్తి చూడలేదు. నేను మాత్రం అందరినీ తనివితీరా చూశాను. నలభై మూడేళ్ల బాకీ తీరింది.

చాల్

అక్క వాళ్లది రెండో అంతస్తు. చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక తాడు వేలాడుతుంటుంది. గది ఒకటే. అక్క, శంకర్, కోడలు సుజాత, మనవరాలు అందులోనే. మా కాలనీలో మధ్యాహ్నం కూడా గేటుకు తాళమే ఉంటుంది, పక్కింటివాళ్లు ఫోన్ చేసి వస్తారు. ఇక్కడ వరండా పొడుగునా తలుపులన్నీ బార్లా తీసే ఉన్నాయి. నేను అన్నం తింటుంటే దారిన పోయే ఒకావిడ ఆగి, కంచంలోకి చూసి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని మరాఠీలో అడిగి వెళ్లిపోయింది. ఆమె ఎవరని అడిగితే సుజాతకు కూడా సరిగ్గా తెలియదట.

మనవరాలి పేరు ప్రాజక్తా. మరాఠీలో పారిజాతం పువ్వును అలా అంటారు. అక్క పారిజాతం అనే పిలుస్తుంది, ఆ పిల్ల పలుకుతుంది. కానీ బదులు మరాఠీలో వస్తుంది. శంకర్, సుజాత ఒకరితో ఒకరు హిందీ. టీవీ మరాఠీ. ఆ ఇంట్లో పూర్తి తెలుగు వాక్యం అక్క ఒక్కతే మాట్లాడుతుంది, అది కూడా ఎక్కువగా కుక్కరుతో.

సాయంత్రం శంకర్ కళ్లతో సైగ చేశాడు. రైల్లో తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. అక్క నన్ను చూసింది, లేచి డబ్బాలోంచి పల్లీపట్టి తీసి నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకోగానే నా పళ్ల సెట్టు అందులో ఇరుక్కుపోయింది. మొహం అటు తిప్పుకుని దాన్ని విడిపించుకునేసరికి అక్క పడుకుని గురకపెడుతోంది. సాయంత్రం ఆరున్నర. దొంగ గురకని నాకు తెలుసు. నేనూ మా కోడలి దగ్గర అదే పెడతాను.

ఆ గల్లీ

మర్నాడు రెండు గంటలకు అక్క చీర మార్చుకుంది. నేనూ చెప్పులేసుకున్నాను.

"ఏడికి?" అంది.

"నీతోనే. నీ సంగతి కనుక్కోమని పంపిన్రు" అన్నాను.

"అయితే నడువు" అంది.

ఫోరస్ రోడ్డు పక్కనుంచి నడిచాం. దుకాణాలు, కుట్టుమిషన్లు, ఒకచోట పాత ఫ్యాన్లు బాగుచేస్తున్నారు. గల్లీలోకి తిరిగాక గడపల మీద కూర్చున్న ఆడవాళ్లు కనబడ్డారు. కొందరు తల దువ్వుకుంటున్నారు, ఒకామె చంటిదానికి గోళ్లు తీస్తోంది. నేను ఎప్పటి అలవాటుగా తల దించుకున్నాను. అక్క మోచేత్తో పొడిచి, "ముందర జూసి నడువు, గుంతలున్నయి" అంది.

కింది అంతస్తులో చిన్న గది. అందులో ఒక ముసలావిడ కూరగాయలు తరుగుతోంది. పేరు యాదమ్మ. డెబ్బై దాకా ఉంటుంది. మెదక్ దిక్కు మనిషి. ఒకప్పుడు ఆ గల్లీలోనే పనిచేసింది. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లకు వండిపెడుతుంది. అక్క, ఆమె పక్కపక్క గల్లీల్లో దాదాపు యాభై ఏళ్లు బతికారు, ఒక్కసారి పలకరించుకోలేదు. కలిపింది రేషన్ దుకాణం. మొన్నటి ఎండాకాలంలో ఇద్దరూ ఒకే లైన్లో నిలబడ్డారట. అక్క జన్మంతా ఇసుక, సిమెంటు తట్టలు మోసిన మనిషి, యాదమ్మ ఏళ్ల తరబడి అంట్లు తోమిన మనిషి. ఇద్దరి వేళ్ల గీతలూ అరిగిపోయాయి. వేలిముద్రల మిషన్ ఇద్దరినీ ఒప్పుకోలేదు. యాదమ్మ మిషన్‌ను తెలుగులో ఒక బూతు తిట్టింది. వెనక నిలబడ్డ అక్క దానికి తోడు ఇంకోటి కలిపింది. అలా స్నేహమైంది.

నేల మీద సుద్దతో గళ్లు గీసి ఉన్నాయి. నాలుగు గవ్వలు, కాయలకు చింతగింజలు, గాజు ముక్కలు. నేను కూర్చుని, ఉపాధ్యాయురాలి గొంతు తెచ్చుకుని, యాదమ్మను తన జీవితం గురించి చెప్పమన్నాను. ఆమె గవ్వలు నా చేతిలో పోసింది.

"అందరు గదే అడుగుతరు చెల్లే. నోటుబుక్కులు పట్టుకొని వస్తరు, రాసుకొని పోతరు. నా కథ వద్దు గని నీ ఆట నువ్వాడు" అంది.

ఆడాను. వాళ్లిద్దరూ కలిసి నా కాయలను వెంటాడి చంపారు. నడుమ యాదమ్మ పచ్చిపులుసు పోసి అన్నం పెట్టింది. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, నువ్వుల పొడి, ఎంత కావాలో అంత పులుపు. మా ఇంట్లో నాకు పులుపు వద్దని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, నేను చెప్పలేదు. వాళ్లు మాట్లాడుకున్నవి పెద్ద విషయాలేం కావు. మలబద్ధకం, పాత వానలు, దోసకాయను యాదమ్మ వాళ్లు చిన్నప్పుడు ఏమనేవాళ్లు, అక్క ఏమనేది. ఒక మాట గుర్తొస్తే ఇంకొకటి. రెండు గంటలు నీళ్లలా పోయాయి.

వచ్చేముందు, ఇక్కడ ఉండటానికి ఎలా ఉంటుందని మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. యాదమ్మ కూర కలుపుతూ, "ఇప్పుడు మస్తుగున్నది. వాకిట్ల కూసుంటే ఒక్కడు ధర అడగడు. గీ సుఖం ముందే తెలిస్తే జల్ది ముసలిదాన్నైతుంటి" అంది. అక్క నవ్వి నవ్వి దగ్గింది. నేనూ నవ్వాను, సగంలో ఆపేశాను. పచ్చిపులుసు ఇంకో గిన్నె తాగాను.

శుక్రవారం సాయంత్రం

రెండో రోజు కూడా వెళ్లొచ్చాం. సాయంత్రం శంకర్ ఇంటికి రాగానే, చిన్నమ్మను బుద్ధి చెప్పమని పిలిస్తే తోడు వెళ్తోందేమిటని నా మీద విరుచుకుపడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. కామాటిపురా అడ్రసు చూసి అతని చెల్లెలికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. బళ్లో అతన్ని ఏడిపించారు. తన కూతురికి అది జరుగుతుందేమోనని అతని భయం.

అక్క మాత్రం ఒకటే అడిగింది. తను పోవడం మానేస్తుందట. అయితే రోజూ రెండు గంటలసేపు ఇంట్లో తనతో ఎవరన్నా తెలుగులో మాట్లాడాలి. శంకర్ తక్షణం ఒప్పుకున్నాడు. అప్పుడే మొదలుపెట్టారు కూడా. సుజాత మంచం మీద, ప్రాజక్తా తలుపు దగ్గర, శంకర్ అక్క ఎదురుగా కూర్చున్నారు. అక్క తిన్నావా అంది. శంకర్ తిన్న అన్నాడు. ఏం తిన్నవు అంటే, పావ్ భాజీ అన్నాడు. ఆఫీసుల ఏమైందంటే, లిఫ్టు నడుమలో ఆగిందని చెప్పబోయి, ఆగడం దగ్గర హిందీలోకి జారి, అక్కడినుంచి మరాఠీలోకి దిగిపోయాడు. ప్రాజక్తా నవ్వాపుకోలేక వరండాలోకి పరుగెత్తింది. పది నిమిషాలకు గదిలో ఎవరి దగ్గరా మాట మిగల్లేదు. కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. అక్క అతని వీపు నిమిరి, లేచి అన్నం వడ్డించింది. శనివారం రెండు గంటలకు చీర మార్చుకుంటుంటే ఎవరూ ఆపలేదు.

ధారావి వాళ్లు

ఆదివారం పెళ్లివారొచ్చారు. అబ్బాయి, తల్లి, తండ్రి, తాత. తాతకు ఎనభై దాటాయి. అబ్బాయి సెల్‌ఫోన్లు బాగుచేస్తాడట. పిల్ల వైపు చూడటం మానేసి గోడ మీది గడియారాన్ని చూస్తున్నాడు. పోహా, జిలేబీ, చాయ్ అయ్యాయి. మాటలన్నీ మరాఠీలో నడుస్తుంటే తాత, అక్క, నేను ఒక మూలన మూడు సామాన్లలా కూర్చున్నాం.

అప్పుడు అబ్బాయి తల్లి కప్పు కింద పెట్టి, మాకు కూడా తెలియాలని కాబోలు, తెలుగులోనే అడిగింది.

"అవ్వ రోజు పగటీలి ఏడికో పోతదట గద. మాకెవరో చెప్పిన్రు."

శంకర్ మొహం పాలిపోయింది. సుజాత నా వైపు చూసింది, గుడికని చెప్పమన్నట్టు. నేను నోరు తెరిచేలోపు అక్క జవాబిచ్చింది.

"దోస్తు దగ్గరికి పోత. ఎనక గల్లీల ఉంటది. అష్టాచెమ్మ ఆడుతం."

ఏ గల్లీయో అందరికీ తెలుసు. అప్పటిదాకా నోరు విప్పని తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అక్క వైపు వంగాడు.

"గెలుస్తవా?" అన్నాడు.

"నాలుగాటల్ల మూడు నావే" అంది అక్క. అది పచ్చి అబద్ధం. నాలుగింట్లో మూడు యాదమ్మవి. నేను సాక్షిని. తాత మెచ్చుకోలుగా తలాడించి, చెమ్మ పడితే మళ్లీ వేస్తారా, మీ దిక్కు నియమమేంటని మొదలుపెట్టాడు. ఆ తర్వాత అరగంట వాళ్లిద్దరి మాటలకు అడ్డు పెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఎనభై దాటినాయన మాట మధ్యలో ఎవరు లేస్తారు? అబ్బాయి తల్లి రెండుసార్లు పైకి లేచి రెండుసార్లు కూర్చుంది. వెళ్లేటప్పుడు ఫోన్ చేస్తామని చెప్పింది. ఆ గొంతులో ఏముందో తెలియలేదు.

సోమవారం మేం కదల్లేదు. శంకర్ చేతులు పట్టుకుని బతిమాలాడు. సాయంత్రం ఫోనొచ్చింది. పిల్ల నచ్చిందట. మాఘంలో పెళ్లి పెట్టుకుందామట. ఒకటే షరతు, అప్పటిదాకా అవ్వ ఆ గల్లీకి పోకూడదు. శంకర్ సంతోషంగా తల్లి వైపు తిరిగాడు.

"మాఘం అంటే ఇంక ఆరు నెలలు. అప్పటిదాక నేనుంటనో, యాదమ్మ ఉంటదో. ఆగుడు మీతోటి అయితది బిడ్డా, మాతోటి గాదు" అంది అక్క. గొంతు పెంచలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నేను మొదటిసారి చూశాను.

అప్పుడు ప్రాజక్తా తండ్రి చేతిలోంచి ఫోన్ తీసుకుని వరండాలోకి పోయింది. అబ్బాయికే చేసింది. మరాఠీలో పది నిమిషాలు. నాకు ఆజీ, అంటే నానమ్మ, అన్న మాటొక్కటే తెలిసింది. ఒకసారి గట్టిగా వినబడింది, ఒకసారి నవ్వినట్టుంది. వచ్చి ఫోన్ తండ్రికిచ్చి, అయిపోయిందని చెప్పింది. ఏం మాట్లాడావని శంకర్ అడిగాడు, నేను అడిగాను. చెప్పలేదు. షరతు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు, సంబంధమూ చెడలేదు.

చివరి మధ్యాహ్నం

మంగళవారం ప్రాజక్తా పనికి సెలవు పెట్టింది. మాతో వస్తానంది. ఆమె పుట్టి పెరిగింది అక్కడే, కానీ ఆ గల్లీలో అడుగుపెట్టలేదు. ఆ వయసు పిల్ల అక్కడ ఒంటరిగా నడవడం కుదరదు. మేం ఆమెను మధ్యలో పెట్టుకుని, చెరొక పక్క నడిచాం. పాన్ దుకాణం దగ్గర ఒకడు గోడకానుకుని మనవరాలిని చూస్తున్నాడు. అక్క నిలబడి, వాణ్ని కళ్లార్పకుండా చూసింది. నేనూ నిలబడ్డాను. బళ్లో ఆఖరి బెంచీ కోసం దాచుకున్న చూపొకటి ఉంది, అది తీశాను. వాడు జేబులోంచి ఫోన్ తీసి, చాలా ముఖ్యమైన పని ఉన్నట్టు దాంట్లోకి దూరిపోయాడు.

యాదమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్లను చూసి చేతులు చీరకు తుడుచుకుంది, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఉన్న ఒక్క కుర్చీని రెండుసార్లు తుడిచింది. ప్రాజక్తా కుర్చీ వదిలేసి నేల మీద మా పక్కన కూర్చుంది. అప్పుడు యాదమ్మ కూడా కూర్చుంది. నియమాలన్నీ తనే నేర్పింది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు బోర్లా పడితే అష్ట. ప్రతి గడికీ ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టించింది. ఐదు దాటితే ఆ పిల్ల మరాఠీలోకి పోయేది, యాదమ్మ వేలు పట్టుకుని వెనక్కి తెచ్చేది.

నాలుగు కావస్తుండగా ప్రాజక్తాకు అష్ట పడింది. ఎనిమిది దాకా ఒక్క తప్పు లేకుండా లెక్కపెట్టింది. కాయ వెళ్లి అక్క చింతగింజ మీద ఆగింది. ఒక్క నిమిషం ఆలోచించి, మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, నానమ్మ కళ్లలోకి చూసి తెలుగులో చెప్పింది.

"అవ్వా, నీ కాయ చచ్చింది."

అక్క చింతగింజను గడిలోంచి తీసి బయట పెట్టింది. ఇంకోసారి చెప్పమంది. వినబడలేదంది. అక్క చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ప్రాజక్తా మళ్లీ చెప్పింది. అప్పుడు యాదమ్మ కూడా తనకు వినబడలేదంది.